ఎండ కాసే రోజుల్లో సముద్రం వెంబడి కారు ప్రయాణం: ఏ పని ఏ వేళకు?

"నాలుగైదు రోజులు సెలవు దొరికింది. సముద్రం పక్కనే పోయే రోడ్డు పట్టుకుని కారులో వెళ్దామనుకుంటున్నాం. ఎండలు బాగా కాసే కాలం. పిల్లలు కూడా ఉన్నారు. దారిలో ఏమేం చేస్తే బాగుంటుంది, మీకు బాగా ఇష్టమైనవి చెప్పండి" అని అడిగారు. తీరం రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరుగుతున్నాను కాబట్టి చెప్పడానికి చాలానే ఉంది. సమాధానం కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

ఎక్కడెక్కడ ఆగాలి అన్నదానికన్నా, ఏ పని ఏ వేళకు పెట్టుకోవాలి అన్నది ముఖ్యం. ఒడ్డున చేసే ప్రతి పనికీ ఒక వేళ ఉంటుంది, ఆ వేళను ఎండ, గాలి, ఆటుపోట్లు కలిసి నిర్ణయిస్తాయి. చాలామంది తీరిగ్గా లేచి, పదింటికి బయల్దేరి, సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకు ఒడ్డుకు చేరతారు. గంట తిరక్కుండానే పిల్లలు వాడిపోతారు. సరిగ్గా ఒడ్డు బాగుండే సాయంత్రం పూట మళ్లీ కారెక్కి, కళ్లలోకి కొట్టే ఎండలో తర్వాతి ఊరికి పరుగు పెడతారు. నేను దీన్ని పూర్తిగా తిరగేస్తాను. తెల్లవారినప్పటి నుంచి తొమ్మిదిన్నర, పది దాకా ఒడ్డున. పదకొండు నుంచి మూడున్నర దాకా కారులోనో నీడలోనో. నాలుగు దాటాక మళ్లీ ఒడ్డున. ఈ ఒక్క మార్పుతో అదే రోడ్డు, అవే ఊళ్లు వేరేగా కనిపిస్తాయి.

దూరం సంగతి కూడా ముందే తేల్చుకోండి. హైవే లెక్కలు ఇక్కడ పనికిరావు. మలుపులు, వంతెనలు, చిన్న ఊళ్లు, "అదిగో, ఆపండి ఆపండి" అని వెనక సీట్లోంచి కేకలు. హైవే మీద రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపేవాళ్లు కూడా ఇక్కడ 120, మహా అయితే 150 దగ్గర ఆగాలి. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే సముద్రం కిటికీ అవతలే ఉండిపోతుంది. రాత్రి బస చేసే ఊళ్లు కూడా వీలైనంత తగ్గించండి. ఒకే చోట రెండు రాత్రులు ఉంటే, మధ్యలో ఒక పొద్దున సామాను సర్దే పని ఉండదు. ఆ పొద్దునే ఈ ప్రయాణం మొత్తంలో బాగా గుర్తుండిపోతుంది.

ఇక ఏ దిశలో వెళ్లాలి? దీని గురించి పెద్దగా ఎవరూ ఆలోచించరు గానీ, తేడా చాలా ఉంటుంది. బండ్లు ఎడమవైపు నడిచే దేశాల్లో సముద్రం ఎడమచేతి పక్కన ఉండేలా వెళ్లండి. కుడివైపు నడిచే దేశాల్లో కుడిచేతి పక్కన ఉండాలి. అలా అయితే మీ కారుకూ సముద్రానికీ మధ్య ఇంకో వరుస బండ్లు ఉండవు, ఎక్కడ నచ్చితే అక్కడ ఎదురు ట్రాఫిక్‌ను దాటకుండా పక్కకు తీసి ఆపుకోవచ్చు. కాలిఫోర్నియాలో పసిఫిక్ ఒడ్డున పోయే స్టేట్ రూట్ 1 మీద ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లమని చెప్పడానికి ఇదో కారణం. ఆస్ట్రేలియాలో 243 కిలోమీటర్ల గ్రేట్ ఓషన్ రోడ్డు మీద దీనికోసమే తూర్పు నుంచి పడమరకు వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కష్టపడి వేసిన రోడ్డది. చాలా చోట్ల కొండ అంచును తొలిచి వేశారు. అలాంటి రోడ్డు మీద ఆపుకోవడం ఎంత సులువైతే ప్రయాణం అంత బాగుంటుంది. సముద్రం అవతలి పక్కన ఉండేలా వెళ్లక తప్పకపోతే కనీసం ఒక్క పని చేయండి: ఎదురు వరుసను కోసుకుంటూ మలుపుల దగ్గర ఆపకండి. ముందుకెళ్లి, ఎక్కడైనా తిరిగే చోటు చూసుకుని వెనక్కి రండి.

నీళ్ల రంగు కూడా వేళను బట్టే. సూర్యుడు మీ వీపు వెనక ఉన్నప్పుడు సముద్రం ముదురు నీలంగా, ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా కనిపిస్తుంది. సూర్యుడు ఎదురుగా, నీళ్ల మీద ఉంటే కళ్లు చెదిరే వెండి మెరుపు తప్ప రంగు తెలియదు. తూర్పు తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి, నీలం చూడాలంటే మధ్యాహ్నం దాటాకే. పడమటి తీరంలో దీనికి తలకిందులు, పొద్దుటి పూటే రంగు బాగుంటుంది. కొండ మీది వ్యూపాయింట్లన్నీ ఈ లెక్క ప్రకారం పెట్టుకోండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఒక జత ఉంటే ఇంకా మంచిది. నీటి మీది మెరుపును అవి చాలావరకు కోసేస్తాయి, అడుగున ఉన్న రాళ్లూ ఇసుక గీతలూ బయటపడతాయి. నడిపేవాళ్ల కళ్లకూ హాయి.

వ్యూపాయింట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొండ అంచులు, సముద్రం తొలిచిన రాతి తోరణాలు శాశ్వతమైనవి కావు. మాల్టాలో ఎందరో చూసి మురిసిన అజూర్ విండో తోరణం 2017 మార్చి 8న తుఫాను గాలుల్లో మొత్తం కూలిపోయింది. గ్రేట్ ఓషన్ రోడ్డు పక్కన లండన్ బ్రిడ్జ్ అని పిలిచే తోరణం 1990 జనవరిలో ఒడ్డు వైపు భాగం ఊడిపడింది. అవతలి ముక్క మీద ఇద్దరు చిక్కుకుపోతే హెలికాప్టర్ పంపి తెచ్చారు. అలలు కింద తొలుస్తుంటాయి, పైన నిలబడ్డవాళ్లకు తెలియదు. కంచె ఉన్నచోట కంచె ఇవతలే, లేనిచోట అంచుకు నాలుగైదు అడుగులు వెనకే. ఫోటో కోసం ఈ నియమం సడలించకండి, పిల్లలు చూస్తున్నప్పుడు మరీ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనికి వస్తాను. అది నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య మిగిలిపోయే చిన్న చిన్న మడుగుల దగ్గర కూర్చోవడం. దీనికి ముందు ఆటుపోట్ల టైమ్ తెలియాలి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు పొద్దున ఆరింటికి నీళ్లు బాగా తగ్గితే, రేపు సుమారు 6.50కి, ఎల్లుండి 7.40కి తగ్గుతాయి. అమావాస్య, పౌర్ణమి వచ్చిన ఒకటి రెండు రోజుల వరకూ నీళ్లు బాగా పైకి ఎక్కి బాగా కిందికి దిగుతాయి, మామూలుగా మునిగి ఉండే రాళ్లు కూడా తేలతాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. తేదీలు ఇంకా ఖాయం చేసుకోకపోతే, క్యాలెండర్‌లో అమావాస్యో పౌర్ణమో చూసుకుని, దాన్ని ఆనుకుని ఉండే రోజులు ఎంచుకోండి. ఆ ఊరి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) ఫోన్‌లో చూసి, నీళ్లు అన్నిటికన్నా తగ్గే సమయానికి గంట ముందే అక్కడ ఉండండి. నీళ్లు దిగుతున్నకొద్దీ మీరూ కిందికి దిగవచ్చు. తిరిగి ఎక్కడం మొదలవగానే బయటికొచ్చేయండి, వెనకదారి మునిగేదాకా చూడొద్దు.

మడుగు దగ్గరికి వెళ్లాక మొదట ఏమీ కనపడదు. ఖాళీ నీళ్లు, రాళ్లు, నాచు. పిల్లలు "ఏం లేదు" అని లేచిపోబోతారు. వాళ్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. నీడ నీళ్ల మీద పడకూడదు, కాళ్లు కదపకూడదు. ముందుగా ఒక గవ్వ నడవడం మొదలుపెడుతుంది. అది గవ్వ కాదు, ఎవరిదో ఖాళీ గవ్వలో కాపురం పెట్టిన సన్యాసి పీత. తర్వాత రాతికి అంటుకున్న జిగురుముద్దలాంటిది కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నదైతే మెల్లగా విచ్చుకుని చుట్టూ మెత్తటి వేళ్లు చాస్తుంది, అది సీ అనిమోని. పువ్వులా ఉన్నా అది జంతువు, ఆ వేళ్లతో చిన్న ప్రాణుల్ని పట్టి తింటుంది. రాళ్ల మీద గరుకుగా, తెల్లగా, చిన్న అగ్నిపర్వతాల్లా పేరుకుని ఉండేవి బార్నకిల్స్. వాటిని రాతిలో భాగమే అనుకుంటాం. నీళ్లు కప్పినప్పుడు దగ్గరగా చూడండి. పైమూత తెరుచుకుని, సన్నటి ఈకల గుత్తి ఒకటి బయటికొచ్చి నీళ్లను దువ్వి లోపలికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఆ ఈకలు దాని కాళ్లు. అది తల వైపు నుంచి రాతికి అతుక్కుని, జీవితమంతా కాళ్లతో తిండిని లోపలికి తోసుకుంటూ బతుకుతుంది. ఇది చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

ఇక్కడ మర్యాదలు కొన్ని ఉన్నాయి. చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్ కడుక్కోకుండా మడుగులో చెయ్యి పెట్టకండి. రాయి ఎత్తి కింద ఏముందో చూస్తే, మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలా నెమ్మదిగా పెట్టండి. తలకిందులుగా వదిలేస్తే నీడలో బతికేవి ఎండకు చస్తాయి. రాతికి అతుక్కున్న దేన్నీ పీకకండి. ఖాళీ గవ్వల్ని కూడా సంచుల కొద్దీ ఏరుకోకండి, పెరిగే సన్యాసి పీతకు రేపు అదే ఇల్లు. చెప్పుల విషయంలో రాజీ వద్దు, జారని అడుగు ఉన్న బూట్లే వేసుకోవాలి. పచ్చటి నాచు మీద కాలు వేయకపోతే సగం ప్రమాదం తగ్గినట్టే.

రాళ్లు లేని, ఒట్టి ఇసుక తీరమైతే? అక్కడా పొద్దుటే వెళ్లండి. అల వెనక్కి పోయాక గట్టిగా, తడిగా మిగిలే ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవడం కన్నా హాయి నాకు ఇంకోటి లేదు. నడుస్తూ ఒకసారి మీ పాదం చుట్టూ చూడండి. తడి ఇసుక మీద బరువు పడగానే, పాదం చుట్టూ ఒక వలయం మేర ఇసుక చటుక్కున ఆరినట్టు తెల్లబడుతుంది. నొక్కితే నీళ్లు పైకి ఊరాలి కదా, ఆరడమేమిటి? అల సర్దిన ఇసుక రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని బాగా ఇరుగ్గా ఉంటాయి. బరువు పడి కదలాలంటే ఒకదాని మీద నుంచి ఒకటి ఎక్కాలి, అలా ఎక్కేటప్పుడు వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి. పైనున్న నీళ్లు ఆ ఖాళీల్లోకి దిగిపోతాయి, పైపొర పొడిగా కనిపిస్తుంది. పాదం ఎత్తగానే రేణువులు మళ్లీ సర్దుకుంటాయి, అడుగు గుర్తులో నీళ్లు ఊరతాయి. ఓస్బర్న్ రెనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1885లో దీన్ని వివరించి డైలటెన్సీ అని పేరు పెట్టాడు. మా ఇంట్లో పిల్లలకు కారణం చెప్పే ముందు వాళ్లనే ఊహించమంటాను, వచ్చే సమాధానాలు వినసొంపుగా ఉంటాయి.

ఇసుక గూళ్లు కట్టేటప్పుడు పిల్లలు బకెట్లతో నీళ్లు పోస్తూ పోతారు, గోడలు జారిపోతాయి. ఇసుకను పట్టి ఉంచేది రేణువుల మధ్య నిలిచే పలుచటి నీటిపొర మాత్రమే. నీళ్లు ఎక్కువైతే ఆ పట్టు పోతుంది. చేతిలో పిడికిలి బిగిస్తే ముద్దకట్టి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారనంత తడి చాలు. గట్టిగా దట్టించుకుంటూ కట్టండి, నడుము ఎత్తు దాకా నిలుస్తుంది.

నీళ్లలో దిగడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఒడ్డున నిలబడి పది, పదిహేను నిమిషాలు ఊరికే చూడండి. అలలు ఒకే తీరున రావు, చిన్నవి కొన్ని వచ్చాక పెద్దవి వరసగా వస్తాయి. ఆ పెద్ద వరస ఎక్కడి దాకా ఎక్కుతుందో చూశాకే సామాను ఎక్కడ పెట్టాలో, పిల్లల్ని ఎంత దూరం వదలాలో తేల్చుకోవాలి. ఇంకా ముఖ్యమైనది, అలలు అటూ ఇటూ తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మేర అలలే లేకుండా, నీళ్లు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తే అక్కడికి వెళ్లొద్దు. చూడ్డానికి అదే మంచి చోటులా ఉంటుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది, రిప్ కరెంట్ అంటారు. దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటవచ్చు, ఎంత ఈతగాడైనా ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదే ప్రయత్నం చేయకండి. నీటి మీద తేలుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ పట్టీ మరీ వెడల్పుగా ఉండదు, బయటపడ్డాక అలలే ఒడ్డుకు తెస్తాయి. చెయ్యి ఊపుతూ సాయం అడగండి. లైఫ్‌గార్డులు ఉన్న తీరాల్లో ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి. ఈత రానివాళ్లకు మోకాలి లోతు చాలు. నది వచ్చి కలిసే చోట, ముఖ్యంగా ఆటు సమయంలో, అస్సలు దిగొద్దు.

పది దాటాక ఎండ ముదురుతుంది. అప్పుడు ఒడ్డు వదిలి కారెక్కండి. అల్ట్రావయొలెట్ కిరణాల జోరు పదింటి నుంచి నాలుగింటి దాకా ఎక్కువ. ఒడ్డున అవి పైనుంచే రావు. పొడి ఇసుక సుమారు 15 శాతం, అలల నురగ సుమారు 25 శాతం తిప్పికొడతాయి. అందుకే గొడుగు నీడలో కూర్చున్నా ముఖం కమిలిపోతుంది. పలుచటి మబ్బు పట్టినా వాటిలో చాలావరకు కిందికి దిగిపోతాయి కాబట్టి మబ్బును నమ్ముకోవద్దు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 చాలు గానీ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. పొడుగు చేతుల పలుచటి చొక్కా, వెడల్పు అంచు టోపీ దానికన్నా నమ్మకమైనవి. కారులో ఉన్నాం కదా అని కూడా వదిలేయకండి. ముందు అద్దం రెండు గాజుల మధ్య పొర ఉన్నది కాబట్టి చర్మాన్ని ముదిర్చే యూవీఏ కిరణాల్ని చాలావరకు ఆపుతుంది. పక్క అద్దాలు మామూలుగా అంత ఆపవు. కిటికీ వైపు చెయ్యే ముందు నల్లబడేది అందుకే.

ఆపి ఉన్న కారులో పిల్లల్ని గానీ, పెంపుడు జంతువుల్ని గానీ "రెండే నిమిషాలు" అని కూడా వదలొద్దు. బయట 27 డిగ్రీలే ఉన్నా, మూసిన కారులో పది నిమిషాల్లో 37, ఇరవై నిమిషాల్లో 43 డిగ్రీల దాకా వెళ్తుంది. అద్దం కొద్దిగా దించితే పెద్ద తేడా ఏమీ రాదు.

నడిఎండలో నడపడం బోరు కొట్టకుండా ఉండాలంటే దారి మధ్యలో లైట్‌హౌస్ ఒకటి పెట్టుకోండి. చాలా చోట్ల పైకి ఎక్కనిస్తారు. లోపల చల్లగా ఉంటుంది, మెట్లు తిరుగుతూ ఎక్కుతుంటే పిల్లలు లెక్కపెట్టుకుంటూ వస్తారు. పైన పాత దీపం ఉంటే దాని చుట్టూ ఉన్న గాజును పట్టి చూడండి. వలయాలు వలయాలుగా, అరలు అరలుగా కోసిన గాజు. ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్ తయారుచేసిన ఈ కటకాన్ని మొదట 1823లో ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో పెట్టారు. అంత పెద్ద కటకాన్ని ఒకే గాజుముద్దగా పోస్తే మోయలేనంత బరువు, పైగా మందం వెలుతురును మింగేస్తుంది. వంపు ఉన్న పైభాగాన్నే ముక్కలుగా ఉంచి, లోపలి మందాన్ని తీసేశాడు. నలువైపులా చెదిరిపోయే వెలుతురు ఒక కట్టగా సముద్రం మీదికి పోతుంది. ఎత్తు వల్ల వచ్చే లాభం కూడా అక్కడే తెలుస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం, ఆకాశం కలిసే గీత నాలుగున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంటుంది. 50 మీటర్ల ఎత్తుకు ఎక్కితే అది సుమారు 25 కిలోమీటర్లకు జరుగుతుంది. కింద నుంచి కనపడని ఓడలు పైకి ఎక్కాక కనిపిస్తాయి. పైకి ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి ఓడల్ని లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి.

మధ్యాహ్నం మూడింటికి గాలి జోరుగా ఉంటుంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే దాని చోటులోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. పొద్దెక్కేకొద్దీ మొదలై మధ్యాహ్నం దాటాక జోరందుకుని, సూర్యాస్తమయానికి తగ్గుముఖం పడుతుంది. గాలిపటాలకు ఇంతకన్నా మంచి వేళ లేదు. ఒడ్డున అడ్డం లేని గాలి ఒకే దిక్కు నుంచి నిలకడగా వస్తుంది, దారం వదలడమే ఆలస్యం. సముద్రం నుంచి నేల వైపు వీచే గాలి కాబట్టి తెగినా పటం నేల మీదే పడుతుంది. కరెంటు తీగలు, రోడ్డు దగ్గర లేని చోటు చూసుకోండి. ఇదే గాలి వల్ల మధ్యాహ్నం నీళ్లు అలజడిగా ఉంటాయి. పడవలో తిరగాలన్నా, అడుగు చూస్తూ ఈదాలన్నా పొద్దుటే.

రాళ్లను నీటి మీద గెంతించే ఆట కూడా గాలి లేని వేళే ఆడాలి, అదీ సముద్రంలో కాదు, దాని వెనక ఉండే పాయలోనో కాలువలోనో. చదునైన, అరచేతిలో పట్టే రాయి తీసుకుని, బాగా తిప్పుతూ, నీటి మట్టానికి రాయి సుమారు 20 డిగ్రీలు వాలి ఉండేలా విసరాలి. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2004లో ప్రయోగాలు చేసి తేల్చిన కోణమిది. 2013లో అమెరికాలో కర్ట్ స్టైనర్ ఒకే రాయిని 88 సార్లు గెంతించి రికార్డు సృష్టించాడు. ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని మీ ఇంటిల్లిపాదీ పోటీ పెట్టుకోండి.

సాయంత్రం సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందే ఒడ్డుకు చేరండి. సూర్యుడు ఇంకా ఎంతసేపు ఉంటాడో గడియారం లేకుండా చెప్పవచ్చు. చెయ్యి పూర్తిగా చాపి, వేళ్లను అడ్డంగా పెట్టి, సముద్రపు గీతకూ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలు సుమారు పావుగంట, నాలుగు వేళ్లంటే గంట. ధ్రువాలకు దగ్గరగా ఉండే ప్రాంతాల్లో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు. సూర్యుడు బాగా కిందికి దిగి ఎర్రబడేదాకా నేరుగా చూడొద్దు, కెమెరా వ్యూఫైండర్లోంచి, బైనాక్యులర్లోంచి అసలే వద్దు.

పడమటి తీరమైతే ఇంకో సరదా ఉంది. ఇసుక మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి సూర్యుడు మునిగేదాకా చూడండి. పైఅంచు మాయం కాగానే గబుక్కున లేచి నిలబడండి. అంచు మళ్లీ కనిపిస్తుంది, కొన్ని సెకన్లు, అంతే. మీ కళ్లు ఐదడుగులు పైకి లేవడంతో సముద్రపు గీత ఇంకా దూరం జరిగింది. పక్కన మెట్లో గుట్టో ఉంటే పరుగెత్తి ఎక్కితే మూడోసారి కూడా దొరుకుతుంది. ఒకే సాయంత్రం ఇన్ని సూర్యాస్తమయాలు పిల్లలకు ఎవరు చూపిస్తారు? సూర్యుడి కింది అంచు నీళ్లను తాకినట్టు కనిపించే క్షణానికి లెక్క ప్రకారం సూర్యుడు అప్పటికే గీత కిందికి దిగిపోయి ఉంటాడు. గాలి పొరలు వెలుతురును వంచి మనకు చూపిస్తున్నాయి. కింది అంచు పైఅంచు కన్నా ఎక్కువ వంగడం వల్లే సూర్యుడు అప్పుడు నొక్కినట్టు, కోలగా ఉంటాడు. ఇక మునగగానే బయల్దేరకండి. అందరూ లేచి వెళ్లిపోయాక పది, ఇరవై నిమిషాలకు ఆకాశంలో రంగులు ముదురుతాయి. పార్కింగ్ రద్దీ కూడా ఆలోపు తగ్గుతుంది. తూర్పు తీరమైతే ఇదంతా పొద్దుటిపూట తిరగేసి చేయండి, ముందు ఎత్తున నిలబడి చూసి, గబగబా కిందికొచ్చి పడుకుంటే రెండోసారి ఉదయిస్తాడు.

చీకటిపడ్డాక కాసేపు దీపాల్లేని ఒడ్డున కూర్చోండి. దూరాన లైట్‌హౌస్ వెలుగుతుంటే సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి దానికీ మెరుపుల వరస వేరు, పొరుగున ఉన్నదానితో కలవకుండా అలా పెడతారు. నావికులు ఆ లెక్కతోనే ఏ తీరం పక్కన ఉన్నారో గుర్తుపడతారు. కొన్ని రాత్రుల్లో, కొన్ని తీరాల్లో అల విరిగినప్పుడు నీలంగా మెరుస్తుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు కదిలితే వెలుగుతాయి. ఇది చెప్పి రప్పించుకునేది కాదు, అమావాస్య దగ్గర్లో అయితే కనిపించడం సులువు. ఫోన్ లైట్లు ఆపితేనే కళ్లు చీకటికి అలవాటుపడతాయి.

కారు విషయంలో నాలుగు మాటలు. మామూలు కారును ఇసుకలోకి దింపకండి, పక్కన ఎవరైనా దింపినా సరే. చక్రం కూరుకుపోయి తిరుగుతుండగా పోటు వస్తే కారు పోయినట్టే. ఉప్పు తుంపరలు ముందు అద్దం మీద పలుచటి పొరలా పేరుకుంటాయి. పగలు తెలియదు, సాయంత్రం ఎదురెండ పడగానే మొత్తం తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది. రోజూ మూడింటికి ముందే అద్దాన్ని బయటా లోపలా మంచినీళ్లతో తుడవండి. డిక్కీలో ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాన్ విడిగా ఉంచుకోండి, కాళ్లు కడగడానికి. కాళ్లకు తడి ఇసుక వదలకపోతే పౌడర్ చల్లి రుద్దండి, తడి పీల్చుకుని ఇసుక రాలిపోతుంది. ఇంటికి రాగానే కారు అడుగు భాగం కూడా నీళ్లు కొట్టి కడిగించండి. ఉప్పు పట్టి ఉంటే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

మీరు వెళ్లే తీరం తూర్పు వైపుదా పడమటి వైపుదా, ఏ తేదీలు అనుకుంటున్నారో, పిల్లల వయసెంతో కింద రాయండి. ఆ రోజుల ఆటుపోట్లు చూసి, ఏ పొద్దున రాళ్ల దగ్గరికి వెళ్లాలో, ఏ సాయంత్రం ఎక్కడ ఆగాలో రోజువారీగా వేసి పెడతాను.